మే నెలలో నీళ్లెవరు పోస్తారు?

(గుంటూరు శివార్లలోని ఒక రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులతో ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్ మాట్లాడిన మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, నిలబడొద్దు, ఇటు ముందు వరసలో చోటుంది. ప్రిన్సిపాల్ గారికి, వార్డెన్ గార్లకి, మీ ప్రోగ్రాం ఆఫీసర్ గారికి నమస్కారం. పర్యావరణం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఓజోన్ పొర గురించీ గ్రీన్‌హౌస్ వాయువుల గురించీ మీకు సిలబస్‌లోనే ఉంది, పరీక్షలో రాసే ఉంటారు, మళ్లీ అదంతా చెప్పి మీ సాయంత్రం పాడుచేయను. నేను చాలా ఏళ్లు బోటనీ చెప్పాను, ఎక్కువగా హాస్టళ్లున్న కాలేజీల్లోనే, ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ కూడా చూశాను. అందుకని హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు ఏదన్నా మంచి పని తలపెడితే అది ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

కిందటేడు ఇక్కడ మొక్కలు నాటినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. సరే, మీరు నాటిన మొక్క ఇప్పుడు ఎంత ఎత్తుందో చెప్పగలిగినవాళ్లు మాత్రమే చేతులు ఉంచండి. ఫర్వాలేదు, దించండి, ఇది మీ ఒక్కరి సంగతి కాదు. మన జిల్లాల్లో ఏ హాస్టల్ కాలేజీలో అడిగినా ఇలాగే ఉంటుంది. దానికి కారణం పిల్లలకి శ్రద్ధ లేకపోవడం అని పెద్దవాళ్లు అంటుంటారు, నేను ఒప్పుకోను. కారణం క్యాలెండర్. మనం మొక్క నాటేది జులైలోనో ఆగస్టులోనో. వనమహోత్సవం అని 1950లో కె.ఎం.మున్షీ గారు మొదలుపెట్టినప్పుడే దాన్ని జులై మొదటి వారంలో పెట్టారు, వానలు పడే కాలం కాబట్టి. వానలకి మొక్క తేరుకుంటుంది, అక్టోబరు నవంబరుల్లో ఇంకో నాలుగు జల్లులు పడితే చిగురేస్తుంది, సంక్రాంతి నాటికి చూడముచ్చటగా ఉంటుంది. మార్చిలో మీకు పరీక్షల టెన్షన్ మొదలవుతుంది. ఏప్రిల్లో రూములు ఖాళీ చేసి ఊళ్లకి వెళ్లిపోతారు. మే వస్తుంది. బెజవాడ, గుంటూరుల్లో మే అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఈ చుట్టుపక్కల చాలావరకు నల్లరేగడి, ఎండకి నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లోంచి వేడి లోపలికి దిగి, ఏడాది కూడా నిండని మొక్క వేరు ఎండిపోతుంది. ఆ సమయంలో క్యాంపస్‌లో మనిషి ఉండడు. మీరు జూన్‌లోనో జులైలోనో తిరిగొచ్చేసరికి అక్కడ కర్ర మిగిలి ఉంటుంది, ఆ గుంటలోనే మళ్లీ కొత్త మొక్క పెడతారు.

కాబట్టి మీరు ఏ పని తలపెట్టినా, మొక్కలే కానక్కర్లేదు, ముందుగా అడుక్కోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మే నెలలో దీనికి నీళ్లెవరు పోస్తారు? సెలవుల్లో దీన్ని ఎవరు చూస్తారు, మీరు పాసై వెళ్లిపోయాక ఎవరు చూస్తారు అని. ఇంటి దగ్గర ఉండి చదువుకునే పిల్లలకి ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు, వాళ్ల వీధి వాళ్లదే, ఎండాకాలం కూడా అక్కడే ఉంటారు. మీరు మూడేళ్లు ఉండి వెళ్లిపోయే జనాభా. ఇందులో తప్పేం లేదు, కానీ పనిని దానికి తగ్గట్టు కట్టుకోవాలి.

ముందు మొక్కల సంగతే చెప్పేస్తాను. ఎన్ని నాటాలి అనేది గుంటలు తీయగలిగే బలాన్ని బట్టి కాదు, మే నెలలో మోయగలిగే బిందెల్ని బట్టి లెక్కేసుకోండి. చిన్న మొక్కకి ఎండాకాలంలో వారానికి రెండు సార్లు, సారికి ఒక బకెట్ నీళ్లన్నా కావాలి. వంద మొక్కలు నాటి ఫొటో దిగడం కంటే పదిహేను మొక్కలు బతికించడం నాకు ఇష్టం, అందులో మొహమాటం లేదు నాకు. వేప, కానుగ, నేరేడు, చింత, రావి, ఇవి మన నేలకి అలవాటైన చెట్లు, రెండు వేసవులు దాటించారంటే తర్వాత వాటి బతుకు అవే చూసుకుంటాయి. త్వరగా పచ్చగా కనపడుతుందని కోనోకార్పస్ లాంటివి తెచ్చి వరసగా పెట్టొద్దు. తెలంగాణలో, గుజరాత్‌లో దాన్ని నాటొద్దని ప్రభుత్వాలే చెప్పాయి, మనమెందుకు తెచ్చుకోవడం. రావి మాత్రం గోడలకీ సెప్టిక్ ట్యాంకులకీ దూరంగా పెట్టండి, నాలుగేళ్ల తర్వాత మీ జూనియర్లు దాన్ని కొట్టేయాల్సి రాకూడదు.

ఇంకో ఉపాయం. కుమ్మరి దగ్గర మామూలు మట్టి కుండలు కొనండి, రంగు వేయనివి. మొక్కకి జానెడు దూరంలో మెడ దాకా పాతిపెట్టి, నీళ్లు నింపి, పైన మూతో పలకో పెట్టండి. కుండ గోడలోంచి నీరు మెల్లగా ఊరుతూ వేరు దగ్గరకే వెళుతుంది, పైన పోస్తే ఆవిరైపోయే నీళ్లు కూడా మొక్కకే దక్కుతాయి. రోజూ పోయనక్కర్లేదు, కుండ ఖాళీ అయినప్పుడు నింపితే చాలు. మొదలు చుట్టూ ఎండాకులో వరిగడ్డో మందంగా పరవండి, నేల నెర్రెలివ్వదు. మొదలుకి మాత్రం ఆనించొద్దు, నాలుగు వేళ్లు వదలండి, లేకపోతే చెద పట్టే అవకాశం ఉంది. చుట్టూ కంప వేయండి. సెలవుల్లో గేటు తీసి ఉంటే మేకలూ గేదెలూ లోపలికి వస్తాయి, వాటికి మన వనమహోత్సవం గురించి తెలియదు కదా, సర్కారు తుమ్మ కంప ఒక్కటి ఉంటే ఇనుప ట్రీగార్డ్ అక్కర్లేదు.

నీళ్ల గురించి ఒక మాట. మీ హాస్టల్లో ఆర్‌ఓ ప్లాంట్ ఉంది. అది శుద్ధి చేసే క్రమంలో చాలా నీటిని బయటకి వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్లని మొక్కలకి మళ్లిద్దామని ప్రతి ఏడూ ఎవరో ఒక తెలివైన కుర్రాడు అంటాడు. వద్దు నాయనా. అందులో ఉప్పంతా చిక్కబడి ఉంటుంది, మన దగ్గర బోరు నీళ్లే ఉప్పన, ఇక ఆ నీళ్లు రోజూ పోస్తే నేల పాడైపోతుంది. వాటిని బాత్రూములు కడగడానికి, వరండాలు తుడవడానికి వాడండి. ఏసీల నుంచి కారే నీళ్లు మొక్కలకి పోయొచ్చు.

సరే, కుండ ఎవరు నింపుతారు? మే నెలలో ఇక్కడ ఉండేది వాచ్‌మన్, గార్డెన్ పని చేసే ఆయన, ఒకరిద్దరు ఆయమ్మలు. "బాబాయ్, కాస్త మా మొక్కలకి నీళ్లు పోయవా" అని చెప్పేసి బస్సెక్కేస్తారు మీరు. ఇది నాకు నచ్చదు, గట్టిగానే చెప్తున్నాను. మీరు సర్టిఫికెట్ తీసుకునే సేవని, పన్నెండు గంటలు డ్యూటీ చేసే మనిషి ఎండలో ఊరికే ఎందుకు చేయాలి? అడగండి, ఆయనకి వీలవుతుందో లేదో కనుక్కోండి, వీలైతే దానికి ఎంతో అంత డబ్బివ్వండి. డబ్బు ఎక్కడిది అంటారా, మీ హాస్టల్లో ఏడాది పొడుగునా పోగయ్యే న్యూస్ పేపర్లు, ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, రాసేసిన నోట్ బుక్కులు పాత సామాన్ల వాళ్లకి అమ్మితే వస్తుంది. ఆ లెక్క ఒక పుస్తకంలో రాసి నోటీసు బోర్డులో పెట్టండి. చెత్త వేరు చేయండని మైకులో వంద సార్లు చెప్పే బదులు, ఈ అట్టపెట్టె డబ్బు ఫలానా బాబాయికి మే నెల నీళ్లకి అని రాసి పెడితే, అట్టపెట్టెలు తడవకుండా పొడిగా వచ్చి చేరతాయి.

రెండో దారి కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి మొదటి ఏడాది అయ్యాక, రెండో సెమిస్టర్ తర్వాత, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంది కదా, 180 గంటలు, 4 క్రెడిట్లు. అది వచ్చేది సరిగ్గా ఎండాకాలం సెలవుల్లోనే! మీలో ఈ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలుంటారు, పెదకాకాని, నంబూరు, మంగళగిరి, ఇటు ప్రత్తిపాడు. వాళ్లు సర్వేలు చేసి రిపోర్టు రాసేటప్పుడు ఎవరి రిపోర్టో చూసి ఎక్కించడం కంటే, ఈ ఊళ్లో రోడ్డు పక్కన నాటిన చెట్లలో ఎన్ని బతికాయి, ఎందుకు చచ్చిపోయాయి, బతికినవాటికి ఎవరు నీళ్లు పోశారు అని తిరిగి రాస్తే ఎంత బాగుంటుంది. గైడ్‌గా ఉన్న లెక్చరర్‌ని అడిగితే ఎవరూ కాదనరు. ఇక్కడి కుండలు నింపే పని కూడా అందులో కలుపుకోవచ్చు.

ఇప్పుడు మెస్ సంగతికి వస్తాను. నా ఉద్దేశంలో హాస్టల్ పిల్లలు చేయదగిన అతి పెద్ద పని మెస్‌లోనే ఉంది, బయట ఊళ్లో చీపురు పట్టుకోవడం తర్వాత. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే, రోజుకి సగటున 100 కిలోల కంటే ఎక్కువ చెత్త వచ్చే సంస్థలు తడి చెత్తని వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని రాశారు, అందులో కాలేజీలూ హాస్టళ్లూ వస్తాయి. విజయవాడ కార్పొరేషన్ 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకుందంటే, తెల్లవారుజామున వీధుల్లోకి వచ్చే పారిశుద్ధ్య కార్మికుల రెక్కల కష్టం అది. మనం అన్నం, సాంబారు, పాల ప్యాకెట్లు, బ్లేడు ముక్కలు ఒకే డబ్బాలో వేసి పంపిస్తే ఆ కార్మికురాలు చేత్తో వేరు చేయాలి. ఒక్కసారి వెళ్లి చూడండి ఆ పని.

మొదటి మెట్టు తూకం. భోజనం అయ్యాక పళ్లేల్లోంచి పడేసిన అన్నం ఒక డ్రమ్ములో వేయించి, కాటా మీద పెట్టి, ఆ రోజు ఎన్ని కిలోలో మెస్ గోడ మీద బోర్డులో రాయండి. ఎవర్నీ తిట్టొద్దు, ఉపన్యాసం వద్దు, పేర్లు వద్దు. అంకె ఒక్కటే. దాని పక్కన ఆ రోజు ఏ కూరో రాయండి. రెండు నెలలు రాస్తే ఏ కూర ఉన్న రోజు ఎక్కువ పారేస్తున్నారో మీకే తెలుస్తుంది, వంట మాస్టారుతో కూర్చుని మెనూ మార్చమని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది. కిలో బియ్యం పండటానికి సుమారు రెండున్నర వేల లీటర్ల నీళ్లు పడతాయని లెక్క చెప్తారు. మనం ఉన్నది కృష్ణా డెల్టా పక్కన. ప్రకాశం బ్యారేజీ కింద దాదాపు 13 లక్షల ఎకరాలు తాగే నీళ్లు, కాలవకి ఎప్పుడు వదులుతారా అని జూన్ నుంచి ఎదురుచూసే రైతులు మీ ఇళ్లల్లోనే ఉన్నారు. మీ నాన్న నారుమడి ఎండిపోతుందేమోనని రాత్రిళ్లు కాలవ గట్టు మీద పడుకుంటే, ఇక్కడ రెండో సారి వడ్డించుకున్న అన్నం సగం డ్రమ్ములోకి పోతోంది.

పారేయక తప్పనిది, కూరగాయల తొక్కలు, అరటి తొక్కలు, మిగిలిన అన్నం, దాన్ని ఎరువు చేయొచ్చు. హాస్టళ్లలో కంపోస్ట్ గుంట మూతపడేది ఎప్పుడూ ఒకే కారణానికి: వాసన. వాసన ఎందుకొస్తుందంటే తడి ఎక్కువై గాలి ఆడక. అన్నం, సాంబారు ఒకే చోట కుమ్మరిస్తే రెండు రోజుల్లో పులిసి, ఎలుకలొచ్చి, వార్డెన్ గారు మూసేయమంటారు, ఆయన తప్పు కాదు. ఒక వంతు తడి చెత్తకి మూడు వంతులు ఎండాకులు వేయండి. పొద్దున్నే ఊడ్చి ఓ మూల తగలబెట్టే ఆకులే ఇవి! ఆ పొగ ఆస్తమా ఉన్న పిల్లలకి ఎంత చేటో వేరే చెప్పాలా. ఆకుల్ని గోనె సంచుల్లో తొక్కి దాచిపెట్టుకోండి, మాఘం ఫాల్గుణాల్లో రాలినవి ఏడాదంతా వస్తాయి. కుప్ప కనీసం మూడడుగుల పొడుగు, వెడల్పు, ఎత్తు ఉండాలి, చిన్నదైతే వేడెక్కదు. పేడ నీళ్లు గానీ పుల్ల మజ్జిగ గానీ చల్లండి. వారానికోసారి పారతో తిరగేయండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఆకులు తక్కువైనట్టు, అసలు రాకపోతే నీళ్లు తక్కువైనట్టు. మధ్యలో ఇనప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి, అంటే లోపల యాభై అయిదు, అరవై డిగ్రీలు ఉన్నట్టు, పని జరుగుతున్నట్టు. రెండు మూడు నెలలకి మట్టి వాసన వస్తుంది. మాంసం ఎముకలు, నూనె ఎక్కువున్నవి వేయొద్దు మొదట్లో. సెలవుల సంగతి ఇక్కడ తేలిక, మార్చి ఆఖర్లో కొత్త చెత్త వేయడం ఆపేసి, ఆకులతో కప్పి, తడిపి వదిలేస్తే, మీరు తిరిగొచ్చేసరికి ఎరువు తయారై ఉంటుంది, వానాకాలం మొక్కలకి పనికొస్తుంది. మీ క్యాలెండర్‌కి సరిపడే పని ఇదొక్కటే నేను చూసింది.

అమ్మాయిల హాస్టల్ గురించి చెప్పాలి, అబ్బాయిలు కూడా వినండి, నవ్వడానికేం లేదు ఇందులో. శానిటరీ ప్యాడ్లు. ఫ్లష్ చేస్తే డ్రైనేజీ పూడిపోతుంది, దాన్ని తీయడానికి ఓ మనిషి వస్తాడు, చేతులతో తీస్తాడు. మామూలు చెత్తలో వదిలేస్తే ఇంకో మనిషి చేతికి తగులుతుంది. కాగితంలో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి విడిగా వేయడం అన్న పద్ధతి పుణెలో చెత్త సేకరించే ఆడవాళ్లు తెచ్చింది, చుక్క చూస్తే చాలు, విప్పి చూడక్కర్లేదు. దీనికి కావల్సింది ప్రతి ఫ్లోర్‌లో మూతున్న ఒక డబ్బా, పాత పేపర్లు, ఒక ఎర్ర స్కెచ్ పెన్. సీనియర్ అమ్మాయిలు కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి వారంలోనే, గదిలో కూర్చోబెట్టుకుని చెప్పాలి. ఇంటి నుంచి మొదటిసారి బయటకొచ్చిన పదిహేడేళ్ల పిల్లకి ఎవరూ చెప్పకపోతే తెలియదు, అడగడానికి సిగ్గుపడుతుంది. ప్యాడ్ల బదులు మెన్‌స్ట్రువల్ కప్పులు వాడగలిగినవాళ్లు వాడొచ్చు, బలవంతం ఏం లేదు, ఎవరి శరీరం వాళ్ల ఇష్టం.

పుట్టినరోజులు. రాత్రి పన్నెండింటికి కేకు, థర్మాకోల్ అలంకరణ, ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు. ఇవి 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, తెలుసా? ప్లాస్టిక్ పుల్ల ఉన్న ఇయర్ బడ్స్ కూడా అందులో ఉన్నాయి. మెస్ నుంచి స్టీలు పళ్లేలు, గ్లాసులు ఓ యాభై అడిగి ఫ్లోర్‌కో అల్మారాలో పెట్టుకోండి, ఎవరి పుట్టినరోజైనా అవే వాడి కడిగి పెట్టేయాలి. ఇంతకంటే దీని గురించి మాట్లాడక్కర్లేదు.

రూములు ఖాళీ చేసే రోజు మాత్రం పెద్ద సంగతి. ఏప్రిల్లో ఆ రెండు రోజులు హాస్టల్ వెనక్కి వెళ్లి చూడండి: బకెట్లు, మగ్గులు, పరుపులు, దిళ్లు, హ్యాంగర్లు, సగం వాడిన షాంపూలు, రికార్డులు, మెటీరియల్ పుస్తకాలు, చెప్పులు. అన్నీ బాగున్నవే, బస్సులో పట్టవని వదిలేస్తారు. జూన్‌లో కొత్త పిల్లలు వచ్చి సరిగ్గా అవే వస్తువులు బయట కొంటారు. ఒక గది అడగండి వార్డెన్ గారిని. వదిలేసినవి కడిగించి, ఎండలో పెట్టి, ఆ గదిలో సర్ది, కొత్తవాళ్లు వచ్చినప్పుడు కావల్సినవి తీసుకోమనండి. పుస్తకాలు దగ్గర్లో ఉన్న బీసీ, ఎస్సీ సంక్షేమ హాస్టళ్లకి ఇవ్వొచ్చు, కానీ ముందు వెళ్లి ఏం కావాలో అడిగి ఇవ్వండి. చిరిగినవి, మరకలున్నవి దానం పేరుతో ఎవరికీ ఇవ్వకూడదు. నేను ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటాను.

బయటి సేవ గురించి కూడా అడిగారు ప్రోగ్రాం ఆఫీసర్ గారు. ఎన్‌ఎస్‌ఎస్ 1969లో, గాంధీగారి శత జయంతి ఏడాది, 37 యూనివర్సిటీల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు, మధ్యలో ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. ఏడు రోజుల్లో ఊరు మారదు, కానీ మీరు ఊరిని చూస్తారు, అది తక్కువేం కాదు. క్యాంపుకి ఫ్లెక్సీ వేయించొద్దు, గుడ్డ మీద రాయండి, ఏటా అదే వాడొచ్చు. ఏటా కొత్త ఊరు ఎంచుకోవద్దు, ఒకే ఊరికి నాలుగైదేళ్లు వెళ్లండి. రెండో ఏడు వెళ్లినప్పుడు "మళ్లీ వచ్చారా అమ్మా" అని అడిగే పెద్దావిడ ఒకరు దొరుకుతారు, అసలు మాటలు ఆవిడ అప్పుడు చెప్తుంది, మొదటి ఏడు చెప్పదు.

విజయవాడలో బుడమేరు వరద గురించి మీకు గుర్తుంది కదా, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకు ముందెన్నడూ లేనంత. అటు బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోవాల్సిన ఏరు, దారంతా ఆక్రమణలు, గుర్రపు డెక్క, చెత్త, ఇరుకైపోయింది. మన కాలేజీల పిల్లలు చాలామంది వెళ్లారు. మొదటి మూడు రోజులు పులిహోర ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, అది అవసరమే, డ్రోన్లతో కూడా పంపించారు ప్రభుత్వం వాళ్లు. నేను ఎక్కువ గౌరవించేది రెండో వారం వెళ్లినవాళ్లని. నీళ్లు తీశాక ఇంట్లో మోకాళ్ల ఎత్తు బురద, ఉబ్బిపోయిన తలుపులు, తడిసిన బియ్యం మూటలు కుళ్లి వాసన, పిల్లల సర్టిఫికెట్లు ముద్దలై. ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి, కానీ గిన్నె గిన్నె తోమాల్సింది మనిషే. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇంట్లో బీరువా పక్కకి జరపాలంటే ఇద్దరు కుర్రాళ్లు కావాలి. కింది అంతస్తు ఇళ్లకి 25 వేలు పరిహారం ప్రకటించినప్పుడు, పేరు జాబితాలో లేదని, ఆధార్ కొట్టుకుపోయిందని, ఏం రాయాలో తెలియదని ఎంతమంది నిలబడిపోయారో. అక్కడ ఒక చదువుకున్న పిల్ల కూర్చుని అర్జీ నింపి పెడితే, అది పెద్ద సాయం. దానికి ఫొటో ఉండదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన అప్పుడు కూడా ఇంతే, పదివేల మందికి పైగా పోయారు, వెళ్లిన వలంటీర్లు మొదట చేయాల్సి వచ్చింది శవాల్ని తీయడం. తర్వాత ఇళ్లు కట్టడానికి నెలల తరబడి ఉన్నవాళ్లు ఉన్నారు, విజయవాడ నాస్తిక కేంద్రం లాంటివాళ్లు అక్కడ చాలా కాలం పని చేశారు.

2028లో కృష్ణా పుష్కరాలు ఉన్నాయి. 2016లో ఘాట్ల దగ్గర నిలబడి ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది ఎక్కువగా విద్యార్థులే. ఈసారి మీలో కొందరికి ఆ అవకాశం రావచ్చు.

సరే, నేను ఎక్కువ మాట్లాడాను. ఏవన్నా అడగండి.

(ఒక విద్యార్థి: మేడం, మేం సీడ్ బాల్స్, అంటే విత్తనాలు పెట్టిన మట్టి ఉండలు, చేసి కొండపల్లి వైపు కొండల మీద వేద్దామనుకుంటున్నాం.)

వేయొచ్చు నాన్నా, కానీ విసిరిన వాటిలో చెట్టయ్యేవి చాలా తక్కువ. ఎండకి, చీమలకి, మేకలకి పోగా మిగలాలి. కొండపల్లి అడవిలో తెల్ల పొణికి ఉంటుంది, మన బొమ్మలు చేసే కర్ర. ఆ చెట్లు తగ్గిపోతున్నాయని బొమ్మల పనివాళ్లు బాధపడుతున్నారు. అటవీ శాఖ వాళ్లని కలిసి, వాళ్లు ఎక్కడ నాటుతున్నారో కనుక్కుని, అక్కడ నర్సరీ పనికో కలుపు తీయడానికో మనుషులు కావాలేమో అడగండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అడక్కుండా వెళ్లకూడదు కూడా.

(ఒక విద్యార్థిని: మాకు మొక్కల మీద కంటే పక్షుల మీద ఇష్టం మేడం. దాంట్లో ఏం చేయొచ్చు?)

చాలా మంచిది తల్లీ. ఇక్కడికి దగ్గర్లోనే ఉప్పలపాడు ఉంది, వెళ్లావా? ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు పెడతాయి. ఊరంతా వాటి అరుపులు, రెట్టల వాసన భరిస్తూ కాపాడుకుంటున్నారు వాటిని. ముందు అక్కడి పెద్దవాళ్లతో మాట్లాడు. ఇక ఇక్కడ, ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు దేశంలో చాలా కాలేజీల్లో క్యాంపస్ బర్డ్ కౌంట్ చేస్తారు. పొద్దున్నే పావుగంట నడిచి, కనపడిన పక్షుల్ని రాసి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. దీనికి సెలవుల గొడవ లేదు, ఫిబ్రవరిలో అందరూ ఇక్కడే ఉంటారు. ఏటా అదే దారిలో నడవండి, పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు ఆ పాత జాబితాలు తీసి చూస్తే ఏ పక్షి రావడం మానేసిందో తెలుస్తుంది.

(ఒక విద్యార్థి: మేడం, మేం ఫైనలియర్. ప్లేస్‌మెంట్లు, పీజీ ఎంట్రన్స్‌లు ఉన్నాయి. ఈ కొద్ది నెలల్లో మేం ఏం మొదలుపెట్టాలి?)

మీరు కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు. నిజంగా చెప్తున్నాను. మీ పని అప్పజెప్పడం. ఒక లాంగ్ నోట్ బుక్ తీసుకోండి. ఏ మొక్క ఎక్కడుంది, ఎప్పుడు నాటింది, కుండ ఉందా లేదా. కంపోస్ట్ కుప్పకి పార ఎవరి దగ్గర ఉంటుంది. పాత పేపర్లు కొనే ఆయన ఫోన్ నంబరు. మెస్‌లో ఎవర్ని అడిగితే కాటా ఇస్తారు. ఏ ఉత్తరం ఎవరికి రాస్తే పర్మిషన్ వచ్చింది. ఇవన్నీ మీ తలకాయల్లో ఉన్నాయి, మీతోపాటు వెళ్లిపోతాయి. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు ఉండాలి, ఒకరు సెకండియర్, ఒకరు ఫస్టియర్. ఫైనలియర్ పేరు దేనికీ వద్దు, మీరు పక్కన నిలబడి చెప్పేవాళ్లు మాత్రమే. సెకండియర్ వాళ్లు ఏడాది నడిపి, ఫస్టియర్ వాళ్లకి ఇచ్చి వెళ్లాలి. ఆ పుస్తకం ఎవరి గదిలోనూ ఉండకూడదు, లైబ్రరీలో ఉండాలి.

ఇంకా వెలుతురు ఉంది కదా, ఫైనలియర్ వాళ్లు ఆగండి, సెకండియర్ వాళ్లని పిలవండి. గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి గోడ వెంబడి నడుద్దాం, బతికున్న మొక్కలన్నీ ఇవాళే రాసేద్దాం. ఎవరన్నా ఒక పార తెండి, పెన్ను నా దగ్గర ఉంది.